దుంకు

జనగామలో వింగ్ కమాండర్ రఘునాథ్ ఇల్లెక్కడ అంటే ఎవరూ చెప్పరు. గాలిమోటరు సారు ఇల్లంటే మాత్రం పాన్‌డబ్బా అతను కూడా లేచి వచ్చి చూపిస్తాడు. ఇరవై ఏళ్లకు పైగా యుద్ధవిమానాలు, ఆ తర్వాత పద్నాలుగేళ్లు ప్రయాణికుల విమానాలు నడిపి, పోయినేడు రిటైరయ్యాడు. పంద్రాగస్టుకు బడిపిల్లలు పిలిస్తే వెళ్తాడు, విమానం గురించి అడిగితే గంట చెబుతాడు. చందు గురించి అడిగేవాళ్లు లేరు, అడగకపోతే చెప్పే మనిషీ కాడు.

ఆయనది పాలకుర్తి దగ్గర పల్లె. సైనిక్ స్కూల్లో కోస్తా పిల్లలు ఆయన మాటను వెక్కిరించీ వెక్కిరించీ నోరు మూయించారు. అప్పటి నుంచి ఇంగ్లీషు పట్టుకున్నాడు. నలభై ఏళ్లు వచ్చి, ఉత్తరాదిన ఒక స్థావరంలో కుర్ర పైలట్లకు నేర్పుతున్నప్పుడు చందు వచ్చాడు. కేసముద్రం దగ్గరి తండా పిల్లవాడు, ఇంట్లో లంబాడీ, బయట అచ్చంగా మన మాట. "సార్, మీది పాలకుర్తి దిక్కా?" అని వాడు అడిగిన రోజు రఘునాథ్‌కు ప్రాణం లేచొచ్చింది. నెల తిరక్కుండానే, పక్కన ఎవరూ లేనప్పుడు, సార్ కాస్తా అన్న అయ్యాడు.

ఒకరోజు జీపు ఆగగానే "ఇగ దుంకు" అన్నాడు రఘునాథ్. పక్కనున్న కోస్తా అధికారి పగలబడి నవ్వాడు. "దుంకడమేంటండీ, మనం కోతులమా? దూకు అనాలి." అంతే, ఆనాటి నుంచి ఇద్దరికీ అదే ఆట. జీపు దిగాలన్నా దుంకు, మెస్సులో లేవాలన్నా దుంకు. విమానం నేలకు దిగబోతుంటే వెనక సీట్లోంచి రఘునాథ్ "ఇగ దుంకు" అనేవాడు, ముందు సీట్లో చందు నవ్వేవాడు. పాడుమాట, ఎంత ముద్దుగా ఉండేదో అప్పుడు.

రెండువేల ఆరు ఫిబ్రవరి. శిక్షణ విమానం దిగడానికి వస్తోంది. ఇంజన్‌లో పక్షి పడింది. విమానం వదిలి బయటపడాలంటే పైలట్‌కు చెప్పాల్సిన మాట ఒకటే, ఇజెక్ట్, అదీ మూడుసార్లు. నిద్రలో లేపి అడిగినా అదే రావాలని రఘునాథ్ ఎందరికో నూరిపోశాడు. తీరా తనదాకా వచ్చేసరికి, కన్నతల్లి నేర్పిన మాట ముందొచ్చింది.

"దుంకు చందూ, దుంకు."

చెవుల్లో చిన్న నవ్వు వినిపించింది. రోజూ నవ్వే నవ్వే. తప్పు తెలిసి ఇజెక్ట్ అని అరిచేలోగా విమానం ముక్కు వాలింది, రఘునాథ్ చెయ్యి తనను బయటికి విసిరే సీటు పిడిని లాగేసింది. ఆయన పారాచూట్‌తో ఆవచేలో పడ్డాడు. చందు విమానంతోనే పోయాడు.

విచారణలో పక్షిదే తప్పన్నారు. విమానంలోని మాటల రికార్డు కాలిపోయింది. ఏం చెప్పావని అడిగితే, మూడుసార్లు ఇజెక్ట్ అన్నానన్నాడు. వెన్నుపూస దెబ్బతిని యుద్ధవిమానం ఎక్కే రాత పోయింది. తర్వాత కాయితాల పనే చేసి, ఉద్యోగం మానేసి, ప్రయాణికుల విమానాల్లో చేరాడు. పక్క సీట్లో వరంగల్ కుర్ర పైలట్ కూర్చుని "ఏ ఊరు సార్?" అన్నా ఇంగ్లీషులోనే జవాబు. పొగరనుకున్నారు. తన మాటంటేనే భయమని ఎవరికి తెలుసు.

ఏటా ఫిబ్రవరిలో తండాకు పోయి చందు తల్లి మోతీబాయి దగ్గర కూర్చుంటాడు. ఆమె జొన్నరొట్టె పెట్టి, ఏటా ఒక్కటే అడుగుతుంది, ఆఖరికి కొడుకేమన్నాడని. టైమ్ లేదవ్వా అని ఏటా అదే అబద్ధం.

ఈసారి వెళ్లేసరికి సామాను బయట ఉంది. కూతురు విజయ తల్లిని భూపాలపల్లికి తీసుకుపోతోంది. అల్లుడికి అక్కడ బొగ్గుబాయిలో నౌకరి. ఆటో కోసం చూస్తూ మోతీబాయి మళ్లీ అడిగింది.

"ఇగ ఈడికి రాను సారూ. ఇప్పుడన్న చెప్పు. నా బిడ్డ ఏమన్నడు?"

రఘునాథ్ సామాను పక్కన నేలమీద కూర్చున్నాడు. "అవ్వా, నేను అబద్ధమాడిన. అనాల్సిన మాట అనలే. దుంకు అన్న. పరాచికం అనుకున్నడు. నవ్విండు. నా నోరే వాణ్ని సంపింది."

విజయ చేతిలో మూట కింద పెట్టేసింది. పందొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన శాపం ఇప్పుడు పడుతుందని ఆయన తల వంచుకున్నాడు. మోతీబాయి దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"నవ్విండా?"

"నవ్విండవ్వా."

"భయపడలే?"

"లేదవ్వా. భయపడేటంత టైమ్ కూడా లేదు."

ఆమె చెయ్యి తీసేసింది. కళ్లు ధారలు కట్టాయి.

"యాడీ యాడీ అని నన్ను పిలుసుకుంట మంటల్ల కాలినట్టు రోజు కండ్లల్ల కనవడ్డడు సారూ. పందొమ్మిదేండ్లు బుక్క మింగుడు పడలే. నోరు జారిందంటవా, జారనీ. గా నవ్వు నా కొడుకుది, నాకు రావాల్సింది. గిన్నేండ్లు నీ దగ్గర ఎట్ల పెట్టుకున్నవు?"