అవ్వ కూర్చుంటే ఆకాశం చూసే కారు

ఈ కాలం కార్లను చూస్తే నాకు కొంచెం కుళ్లు. చీకటి పడితే చాలు, ఎవరూ చెప్పకుండానే వాటంతటవే కండ్లు తెరుస్తాయి. ఎదురుగా బండి వస్తే వాటంతటవే చూపు దించుకుంటాయి. (మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అంత మర్యాద లేదు.) నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా ఇంటికొచ్చిన కారు అలాంటి సుకుమారి కాదు. మా నాయన కడపలో బండలు పాలిష్ చేసే మేస్త్రీ. ఆయన నేల మెరిపించిన ఒక ఇంటివాళ్లు కొత్త కారు కొని, పాతదాన్ని ఏం చేయాలో తోచక చూస్తుంటే, మా పాప నడుపుకుంటుందని అడిగి నాకు ఇప్పించాడు. ఇంజను మంచిది, హారను ఇంకా మంచిది. దీపాలు మాత్రం మసకబారి, పసుపు తిరిగి, చీకట్లో వేసినా వేశామో లేదో దిగి చూసుకోవాల్సి వచ్చేది. నేనేమో బడిలో పిల్లలకు కాంతి పాఠం చెప్పే టీచరమ్మను. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

ఆ దీపాలతో నాకేం పని, పగలు నడుపుకుంటే పోయేది కదా అని మీరు అనొచ్చు. మా అవ్వ ఉంది కదా. మోకాళ్లు పట్టేసి పల్లెలో ఒంటరిగా ఉండలేక మా దగ్గరికి వచ్చేసిన మా నాయనమ్మ. మా పల్లె గువ్వలచెరువు ఘాటు దాటి రాయచోటి దిక్కున ఉంది. అక్కడి చర్చిలో క్రిస్మస్ నాడు తెల్లవారకముందే, అయిదింటికి ఆరాధన. గంట మోగి ఆగిన వెంటనే తబలా, కీబోర్డు ఏవీ లేకుండా ఒక్క గొంతు మొదటి పాట ఎత్తుకోవాలి, ఆ తర్వాతే ఊరంతా అందుకోవాలి. ఆ ఒక్క గొంతు మా అవ్వది. పెళ్లయి ఆ ఊరికి వచ్చిన రెండో పండగ నుంచీ ఆమెదే. ఆ మనిషికి నగల మీద మోజు లేదు, చీరల మీద లేదు, ఆ పాట మీద మాత్రం ప్రాణం.

కారు వచ్చిన మొదటి క్రిస్మస్‌కు నాయనను, అవ్వను, ఇద్దరు మేనత్తలను, డిక్కీలో బిర్యానీ దేగిసాను వేసుకుని మహా గర్వంగా బయలుదేరాను. ఘాటు మొదట్లోనే మంచు. మా దీపాల వెలుతురు బానెట్ దాటి బయటికి పోనంది. చివరికి మా నాయన దిగి, భుజం మీది తెల్ల టవలు చేత్తో ఊపుతూ ముందు నడిస్తే, ఆ టవలును చూసుకుంటూ నేను ఘాటెక్కాను. చర్చి గుమ్మంలోకి చేరేసరికి గంట ఆగిపోయింది, లోపల మా చిన్నవ్వ పాట ఎత్తేసింది. చిన్నవ్వ అంటే అవ్వకు తోటికోడలు. ఎంత పైకి ఎత్తిందంటే, రెండో చరణానికి ఊళ్లో ఒక్కరి గొంతూ అందక అందరూ పెదాలు మాత్రం ఆడించారు. అవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆరాధన అయ్యాక చిన్నవ్వ వచ్చి అవ్వ చెయ్యి పట్టుకుని, తేనె పూసినట్టు, "నువ్వు నిదానంగా రాక్కా. పాటదేముండాది, నేనుండాను గదా" అంది. సంఘం పెద్దలు కూడా మొహమాటపడుతూనే ఒక మాట అన్నారు: ఇంకొక్క ఏడు చూస్తామనీ, అప్పుడూ ఆలస్యమైతే ఇక పాట ఊళ్లో ఉండే మనిషికే వదిలేద్దామనీ. ఆ పండగకు అవ్వ బిర్యానీ ముట్టలేదు. ఇంటికొచ్చాక కారు ముందు నిలబడి, దీపాల్లోకి కాసేపు చూసి, నాయనతో, నాతో ఇలా అంది.

"నా కాళ్లు పొయినాయి, సరే. గొంతు పోలేదు. దీని కండ్లకు పొర కమ్మిందని నా పాట దానికిచ్చేదా? నాకు తీపిచ్చినట్టు దీనికీ తీపిచ్చండి."

(ఆ ఏడాదే అవ్వకు కంటి ఆపరేషను అయింది. అప్పటినుంచీ లోకంలో ఏ రోగానికైనా ఆమెకు అదే మందు.)

నేను చదువుకున్నదాన్ని. ముసలామె చెప్పిన వైద్యం వింటానా? ఫోనులో వెతికి, ఎవరో కుర్రాడు రాత్రిని పగలు చేసి చూపించిన వీడియోను నమ్మి, పాల కంటే తెల్లగా వెలిగే ఎల్‌ఈడీ బల్బులు తెప్పించాను. నేనే బిగించాను. ఆ సాయంత్రం వీధిలో వేసి చూపిస్తే పక్కింటివాళ్లు కండ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. నాకదో విజయం. ఊరి బయటికి తీసుకెళ్తే చింతచెట్టు మీద నిద్రపోయే కొంగలన్నీ లేచాయి, ఎదురొచ్చిన లారీవాళ్లు మా వంశంలో నాకే తెలియని పెద్దలను పేరుపేరునా తలుచుకుని పోయారు. నవంబరులో ఒక తెల్లవారుజామున, మంచు ఉందని తెలిసి కావాలనే నాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఘాటు మొదటికి వెళ్లాను. మంచులోకి దూరి దీపాలు వేశానో లేదో, కారు ముందర తడి పంచె ఆరేసినట్టు తెల్లటి తెర. పోయిన ఏడాది బానెట్ అన్నా కనిపించింది, ఇప్పుడు అదీ లేదు. వెలుతురంతా మంచు మీద పడి తిరిగొచ్చి నా కండ్లలోనే కొడుతోంది. పతన కోణం పరావర్తన కోణానికి సమానమని ముందురోజే బోర్డు మీద గీసి వచ్చాను నేను. మా నాయన తన భుజం మీది తెల్ల టవలు తీసి, మడిచి, నా ఒళ్లో పెట్టాడు. కుక్కిన పేనులా వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.

అప్పుడు నాయన నన్ను బల్బు భాయ్ దగ్గరికి తీసుకెళ్లాడు. లారీలు ఆగే చోట చిన్న రేకుల షెడ్డు, చెవి మీద టెస్టరు పెట్టుకున్న అరవై ఏళ్ల మనిషి. జీవితంలో సగం లారీల కిందే గడిపాడు. ఆయన దీపం వేయించాడు, ఆర్పించాడు, వైరు పట్టుకుని చూశాడు, చివరకు నన్ను చూసి ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. సైన్సు టీచరునని చెప్పుకోవడానికి నాకు నోరు రాలేదు, తెలుగు టీచరునని అబద్ధం చెప్పాను. (తెలుగు టీచర్లు నన్ను క్షమించాలి.) ఆయన చెప్పింది మా అవ్వ చెప్పినదానికి అటు ఇటుగా అంతే. దీపం పైన ప్లాస్టిక్‌కు పొర కమ్మింది. పాత వైర్లు తుప్పుపట్టి బల్బుకు సగం కరెంటే అందుతోంది. మంచుకు తెల్ల దీపం పనికిరాదు, బంపరు కింద వేరేగా పచ్చదీపాలు, అంటే పసుపు వెలుతురువి, రెండు ఉండాలి. ఇన్ని మాటలు చెప్పి, నా తెల్ల బల్బులు ఊడదీసి నా చేతిలో పెట్టి అన్నాడు:

"మంచును మొహం మీద కొట్టగూడదు తల్లీ. దాని కాళ్ల సందులోంచి దూరి పోవాల."

బ్యాటరీ నుంచి నేరుగా లావు వైర్లు లాగి, మధ్యలో రిలే అనే అగ్గిపెట్టెంత డబ్బా బిగించి, మామూలు బల్బులే వేశాడు. కిందుగా, నేలను వాసన చూస్తున్నట్టు రెండు పచ్చదీపాలు పెట్టాడు. పొర తీసే పని మాత్రం నాయన తనకే కావాలన్నాడు. బండకు మెరుగు పెట్టినట్టే అట, ముందు గరుకు వాటర్ పేపరు, తర్వాత అంతకంటే సన్నం, తర్వాత ఇంకా సన్నం, మధ్యలో నీళ్లు. ఎడమ దీపం ఆయన తీసుకుని, కుడి దీపం నాకిచ్చాడు. ఒక్క పేపరు నంబరు కూడా వదలొద్దని రెండుసార్లు చెప్పాడు. నేను రెండు నంబర్లు ఎగరగొట్టి గంటలో ముగించి, చేతులు కడుక్కుని, టీ తాగుతూ ఆయన నిదానాన్ని చూసి జాలిపడ్డాను. సాయంత్రానికి ఎడమది ఊట నీళ్లలా ఉంది, కుడిది బాత్రూం కిటికీ అద్దంలా ఉంది. నాయన కోప్పడలేదు. కుడిదాన్ని మళ్లీ మొదటి నంబరు నుంచి మొదలుపెట్టాడు. అది నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది, పక్కన కూర్చుని చివరి నంబరు దాకా నీళ్లు పోశాను. మర్నాడు బల్బు భాయ్ రెండింటి మీదా వార్నీషు కొట్టాడు. కారుకు మళ్లీ చూపు వచ్చింది.

అసలు కథ అక్కడ అయిపోవాలి. కానీ దీపాలు ఎక్కడ పడుతున్నాయో గోడ మీద చూసి సరిచేయాలి కదా. మా వీధి చివర బడి ప్రహరీగోడ ఎదుట కారు నిలబెట్టి, నాయన తన నీళ్ల ట్యూబుతో మట్టం తీసి, దీపం ఎత్తుకు సరిగ్గా రెండంగుళాలు కింద సుద్ద దారంతో గీత కొట్టాడు. వెలుతురు పైఅంచు ఆ గీత మీదే నిలిచేట్టు మరలు తిప్పి ముగించి, చూపించడానికి అవ్వను పిలిచాం. అవ్వ వచ్చి వెనక సీట్లో కూర్చుంది. గోడ మీది వెలుతురు లేచి గీత దాటింది. మేనత్తలిద్దరూ కూర్చున్నారు, ప్రహరీ అంచుదాకా పోయింది. నాయనకు ఏదో తట్టి, దేగిసాకు బదులుగా డిక్కీలో రెండు పెద్ద పాలిష్ బండలు పెట్టించాడు. వెలుతురు గోడ దాటి ఆకాశంలో కలిసిపోయింది. అప్పుడు అర్థమైంది మాకు, పోయిన ఏడాది సంగతి. వెనక బరువుకు కారు ముక్కు లేచి, ఉన్న ఆ గుడ్డి వెలుతురు కూడా పైకి పోయిందన్నమాట. నా తెల్ల బల్బులప్పుడు కొంగలు లేవడం కూడా సగం నా కొత్త జీతం పుణ్యమే, ఆ డబ్బుతో కొన్న బియ్యం మూటలు ఆ రోజు డిక్కీ నిండా ఉన్నాయి. అవ్వకు సంగతి చెప్పకతప్పలేదు. ఆమె ఏమీ నొచ్చుకోలేదు. "నేను కూచుంటే ఆకాశం చూస్తాదా? మంచి బండే" అంది.

ఆ తర్వాత రెండు గంటలు అవ్వను, అత్తలను దిగనివ్వలేదు. కదిలితే లెక్క తప్పుతుంది. వీధిలో వాళ్లంతా వచ్చి యాడికి పోతాండారని అడగడం, మేము యాడికీ లేదనడం. అవ్వ మాత్రం ఊరికే కూర్చోలేక తన పాట శ్రుతి చూసుకుంది. నాయన మరలు తిప్పుతుంటే, గోడ మీద వెలుతురు దిగుతుంటే, కారులోంచి పాట వస్తుంటే, ఆ సాయంత్రం మా వీధిలో ఎవరూ టీవీ పెట్టుకోలేదు.

ఇక ఆ తెల్లవారుజాము. అవ్వ, అత్తలు, దేగిసా, నాయన, నేను. నగరం దాటేదాకా ఆకాశం నిండా చుక్కలు. ఘాటు మొదటికి రాగానే మంచు పట్టేసింది, పోయిన ఏటికంటే దట్టం. దారి పక్కన బండ్లన్నీ లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ ఆగి ఉన్నాయి: టమోటా లారీ, రెండు జీపులు, వాటికి ముందు ఆరాధనకు వస్తున్న మా చర్చి పాస్టరు అయ్యగారి కొత్త తెల్ల బండి. తళతళలాడే దీపాలన్నీ వేసుకుని, తన వెలుతురులో తానే కనిపించకుండా నిలబడిపోయింది. ఈసారి ఆలస్యమైతే అవ్వ జీవితంలో ఇంకో పాట ఉండదు. పైదీపం ఆర్పి, పచ్చదీపాలు వేశాను. బంపరు కింద నుంచి వెలుతురు నేలబారుగా పాకింది. మంచు కింద రోడ్డు అంచు తెల్లగీత కనిపించింది, పక్కన రాయి కనిపించింది, ఆ తర్వాత ఇంకో రాయి. ఎంత చిన్నదైనా అంత అందమైన దృశ్యం నేను ఇంతవరకూ చూడలేదు.

అద్దం దించి అయ్యగారికి మా వెనకే రమ్మని చెప్పాను. ఆయన వెనక జీపులు, జీపుల వెనక లారీ. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా, ఆ రోజు ఊరంతా ఉలిపికట్టె వెనకే వచ్చింది. నడిచే మనిషికంటే కొంచెం వేగంగా, మలుపు మలుపుకూ హారను కొట్టుకుంటూ ఎక్కాం. నాయన భుజం మీద టవలు ఉంది, దాని మీద చెయ్యి కూడా వేయలేదు. పైన పాలకోవా అంగళ్ల దగ్గర మంచు విడిపోతే అద్దంలో చూశాను. దారిలో వచ్చి కలిసినవాటితో కలిపి నా వెనక పది బండ్ల దీపాల వరస. నిజం చెప్తున్నాను, ఆ క్షణం నాకు కడప జిల్లాకు నేనే కలెక్టరునన్నంత గర్వం వచ్చింది.

చర్చి ముందు ఆపేసరికి గంట మోగుతోంది. నాయన, నేను చెరో పక్క పట్టుకుని అవ్వను దించాం. లోపల ముందు వరసలో చిన్నవ్వ గొంతు సవరించుకోవడం బయటికి వినిపిస్తోంది. గంట ఆగింది. అవ్వ ఇంకా గుమ్మంలోనే ఉంది, పోయిన ఏడు ఆగిపోయిన గడప మీదే. లోపలికి పోవాలని చూడలేదామె. మా చేతులు విదిలించుకుని అక్కడి నుంచే పాట ఎత్తింది. ఎక్కువ పైకి కాదు, ఎక్కువ కిందికీ కాదు, ఊరంతా అందుకునేంత ఎత్తులో. తలలన్నీ వెనక్కి తిరిగాయి. చిన్నవ్వ నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టే ఆగి, పాట రెండో పాదం నుంచి అందరికంటే గట్టిగా అందుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆనాటి ప్రసంగంలో అయ్యగారు, దైవశిశువును వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానులకు దారి చూపడానికి ఒక్క నక్షత్రం చాలిందనీ, తాను అంత జ్ఞాని కాడు గనక దేవుడు తనకు రెండు పంపాడనీ, అదీ బంపరు కింద పెట్టి పంపాడనీ అంటే చర్చి చర్చంతా నవ్వింది. ఆ మధ్యాహ్నం అవ్వ బిర్యానీ రెండుసార్లు వడ్డించుకుంది.

తర్వాత నాలుగు పండగలకు అవ్వే పాట ఎత్తింది. ఐదోదానికి ఆమె లేదు. చిన్నవ్వ ఎత్తింది, ఎప్పటికంటే కిందుగా, అవ్వ శ్రుతిలో. నేనిప్పుడు కర్నూలులో పనిచేస్తున్నాను. పాత కారు ఇక నడవనంటే, పోయిన ఏడాది కొత్తది కొన్నాను. షోరూములో స్టీరింగు పక్కన చిన్న చక్రం కనిపించింది, దాని మీద సున్నా, ఒకటి, రెండు, మూడు అని ఉంది. ఇదెందుకని అడిగితే, అమ్మే అబ్బాయి తెలియదన్నాడు, ఎవరూ వాడరన్నాడు. నేను తిప్పి చూశాను. ఎదుటి గోడ మీద వెలుతురు మెల్లగా కిందికి దిగింది. వెనక బరువు కూర్చుంటే దీపాలు దించుకోవడానికట. మేము నీళ్ల ట్యూబు, సుద్ద దారం, రెండు పాలిష్ బండలు పెట్టి సాధించినదాన్ని ఎవరో మహానుభావుడు బొటనవేలంత చక్రంలో పెట్టాడు.

డిసెంబరులో పల్లెకు పోయేటప్పుడు నేనొక్కదాన్నే ఉంటాను, వెనక సీటు ఖాళీ. ఖాళీ బండికి ఆ చక్రం సున్నా మీద ఉండాలి, లేకపోతే దూరం కనిపించదు. సైన్సు టీచరును, నాకు తెలియక కాదు. అయినా ఘాటు మొదటికి రాగానే దాన్ని తిప్పి, అవ్వ బరువు దగ్గర పెట్టుకుంటాను.