అర్జీ మీద ఎనిమిది సంతకాలు

నన్ను పోలీసు ఉద్యోగం నుంచి తీసేయడానికి కారణమైన అర్జీ నిండా ఒక పేజీ కూడా లేదు. దాన్ని నేనే రాశాను. విచారణలో అడిగిన ప్రతిసారీ ఇదే చెప్పాను.

అప్పటికి కానిస్టేబుల్‌గా ఆరేళ్ల సర్వీసు. రాయదుర్గం దగ్గర ఐటీ ఆఫీసుల మధ్య ఒక చౌరస్తాలో ట్రాఫిక్ డ్యూటీ. పొద్దున ఏడింటికి నిలబడితే మధ్యాహ్నం మూడు దాటేదాకా కదలడానికి ఉండదు. చుట్టూ అద్దాల భవనాలే గానీ మాకు మూత్రానికి వెళ్లే చోటు లేదు. మగవాళ్లు ఏదో గోడ చాటుకు వెళ్లొచ్చేవారు. మేం ఎనిమిది మంది ఆడవాళ్లం మాత్రం నీళ్లు తాగడం మానేశాం.

మా అమ్మ ఆ భవనాల్లోనే ఒకదానిలో హౌస్‌కీపింగ్ పని చేసేది. నార్సింగి నుంచి ఇద్దరం ఒకే ఆటోలో వచ్చేవాళ్లం. కొన్నాళ్లు ఆమె నన్ను వెనక గేటు నుంచి లోపలికి తీసుకెళ్లేది. ఒకరోజు సూపర్‌వైజర్ చూసి, బయటివాళ్లను తెస్తే పని పోతుందని అందరి ముందూ ఆమెను తిట్టాడు. సాయంత్రం ఆటోలో అమ్మ, "దినాం ఇరవై బాత్రూంలు కడుగుత బిడ్డా. నీకు ఒక్కటి చూపియ్యలేకపోయిన" అంది. మళ్లీ ఆ గేటు వైపు వెళ్లలేదు నేను.

నెలకోసారి అధికారి మా కష్టసుఖాలు వినే సమావేశాన్ని మేం దర్బారు అంటాం. వరుసగా మూడు దర్బారుల్లో లేచి ఈ సంగతి చెప్పాను. "చూద్దాం, కూర్చో" అన్నారు. మూడోసారి వెనక వరసలో ఎవరో నవ్వారు.

ఆ ఎండాకాలం మాలో అందరికంటే చిన్నది డ్యూటీలోనే కుప్పకూలింది. ఇన్‌ఫెక్షన్ కిడ్నీల దాకా పాకిందని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. నీళ్లెందుకు తాగడం లేదని కోప్పడింది. ఆ పిల్ల గోడ వైపు చూస్తూ, "తాగితే ఏడికి పోవాలె మేడం?" అంది.

ఆ వార్డు బయట బెంచీ మీద కూర్చుని అర్జీ రాశాను. చౌరస్తా దగ్గర ఒక మరుగుదొడ్డి, డ్యూటీ మధ్యలో పది నిమిషాల విరామం. అడిగింది అంతే. ఎనిమిది మందిమీ సంతకాలు పెట్టి అధికారి ఆఫీసులో ఇచ్చాం.

వారం తిరక్కుండా అధికారి పిలిపించారు.

"ఇబ్బంది ఉంటే ఒక్కొక్కరుగా చెప్పుకోవాలి. ఇలా గుంపుగా సంతకాలు పెట్టడం క్రమశిక్షణ తప్పడమే" అన్నారు.

"ఒక్కదాన్నే మూడుసార్లు చెప్పిన సార్. ఏమైంది?"

"ఎదురు మాట్లాడుతున్నావు."

"అడుగుతున్న సార్."

విచారణ మొదలైంది. ఆరుగురు నేనే బలవంతాన సంతకాలు పెట్టించానని రాసిచ్చారు. వాళ్లను తప్పు పట్టను. ఎవరి ఇంటి భయం వాళ్లది. దవాఖానలో ఉన్న పిల్ల మాత్రం, తెలిసే పెట్టానని రాసింది. ఎస్సై ఒకాయన ముందే టైపు చేసిన క్షమాపణ కాగితం నా ముందుకు తోసి, "జర సంతకం చెయ్యమ్మా, లొల్లి పోతది" అన్నాడు. ఇతరుల మాటలు విని పొరపాటు చేశానని ఉంది అందులో.

"ఎవ్వల మాటలూ ఇనలే సార్. నొప్పి నాకే లేసింది" అని కాగితం వెనక్కిచ్చాను.

నెల తర్వాత ఉద్యోగం తీసేశారు. టోపీ, బెల్టు, గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టాను. గుమాస్తా విజిల్ కూడా అడిగి తీసుకున్నాడు. తిన్నగా ఇంటికి వెళ్లలేక ఖాజాగూడ చెరువు పక్క రాళ్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇంటికెళ్లాక అమ్మ నా ముఖం చూసి, "లంచం తిన్నవా? దొంగతనం చేసినవా? మరి తలకాయ దించుకున్నవేంది?" అని గద్దించింది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

మర్నాడు సమాచార హక్కు కింద ఆ మూడు దర్బారుల నివేదికలు అడిగాను. వచ్చాయి. మూడింట్లోనూ ఒకటే మాట: "సమస్యలేవీ లేవు." అప్పటిదాకా బాధ ఉండేది. అది చదివాక కోపం వచ్చింది. ఆ కోపంతోనే అప్పీలు రాశాను.

విచారణకు పిలిచిన పై అధికారి ముందు ఆ కాగితాలు, దవాఖాన చీటీ పరిచాను. ఆయన చదివి, "అయినా మీరు విడివిడిగా రావాల్సింది" అన్నారు.

"వచ్చిన సార్. ఒక్కదాన్నే వస్తే సమస్యల్లేవని రాసుకున్నరు. ఎనిమిది మందిమి కలిసి వస్తే ఉద్యోగం తీసేసిన్రు. ఇంకో తొవ్వ ఏదన్న ఉంటే మీరే చెప్పుండ్రి."

ఆయన ఆ మూడు నివేదికలూ మళ్లీ ముందుకు లాక్కున్నారు.

తొలగింపు రద్దయింది. కానీ కలిసి అర్జీ పెట్టిన తప్పు తప్పేనంటూ ఒక ఇంక్రిమెంటు ఆపి, నగరం అవతలి కొసకు బదిలీ చేశారు. ఉత్తర్వు తీసుకునేటప్పుడు సంతకం కింద "అందుకున్నాను, ఒప్పుకోలేదు" అని రాశాను.

"గిట్ల రాయొద్దమ్మా" అన్నాడు గుమాస్తా.

"రాయొద్దని రూల్ ఉందా అన్నా?"

అతను ముద్ర వేశాడు.

కొన్నాళ్లకు, అప్పుడు దవాఖానలో పడిన ఆ పిల్ల ఫోన్ చేసింది. "అక్కా, మన చౌరస్తాల బాత్రూం పెట్టిన్రు. నల్లాల నీళ్లు గూడ వస్తున్నయి." మా అర్జీ వల్లే పెట్టామని ఎవరూ చెప్పలేదట. చెప్పకపోయినా పర్వాలేదు. ఆపిన ఇంక్రిమెంటు మీద మాత్రం మళ్లీ అప్పీలు వేశాను. అది ఇంకా తేలలేదు. తేలేదాకా వెళ్లి అడుగుతూనే ఉంటాను.