ఒక తలుపుకు మూడు ఎత్తులు

ఆ వడ్రంగి మేస్త్రి బిగించిన తలుపులో చీమ దూరాలంటే ఊపిరి బిగపట్టాల్సిందే. ఇది కోత కాదు, కొలత. టేపు తీయకుండా కంటితో చూసి అంగుళాలు చెప్పేవాడు. చెప్పాక రంపం కూడా ఎదురు మాట్లాడేది కాదు.

అంతటివాడు పనిలో ఉండగా పరంజా కర్ర విరిగి రెండో అంతస్తు నుంచి పడ్డాడు. తలలో గడ్డకట్టిన రక్తాన్ని ఆపరేషన్ చేసి తీశారు. పదకొండు వారాలకు ఇల్లు చేరాడు. అతని వెనకాలే ఒక అనుమానం కూడా డిశ్చార్జి అయి వచ్చి, మంచమెక్కి కూర్చుంది.

భార్య మాత్ర ఇవ్వబోతే కళ్లు చిట్లించేవాడు.

"పొద్దునే వేసుకున్నాగా. మళ్లీ ఎందుకు? నన్ను నిద్రపుచ్చి ఏం చేద్దామని?"

"వేసుకోలేదయ్యా. డబ్బాలో ఇవాళ్టి గడి చూడు, మాత్ర అట్లానే ఉంది."

"నువ్వే మళ్లీ పెట్టుంటావ్."

జ్ఞాపకశక్తికి చేసే చికిత్స ఇంకో ఏడాది సాగాలన్నాడు డాక్టరు. ఆ ఖర్చు భరించనని, తల బాగుపడిందని అతన్ని పనిలో పెట్టుకున్న యజమాని మొండికేశాడు. అందుకే కేసు. తన తరఫున కేసు చూసే లాయరమ్మ అడిగిందే అడుగుతోందని, యజమానికి అమ్ముడుపోయిందని మేస్త్రి తేల్చేశాడు. అడిగినప్పుడల్లా కొత్త జవాబు చెబుతుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

అతను నమ్మింది ఒక్క సూపర్‌వైజర్‌నే. యజమాని దగ్గరే పనిచేసే ఆ మనిషి పండ్లు తీసుకుని పరామర్శకు వచ్చాడు.

"మీకేంటి మేస్త్రీ, గుండ్రాయిలా ఉన్నారు! మీరు బిగించిన మన ఆఫీసు ముందు తలుపు ఎత్తు గుర్తుందా?"

"నన్ను పట్టుకుని గుర్తుందా అంటావా!"

సూపర్‌వైజర్ జేబులో ఫోను ఇదంతా రికార్డు చేస్తోందని మేస్త్రికి తట్టలేదు. ఉన్న అనుమానమంతా ఇంట్లోవాళ్ల మీదే ఖర్చయిపోయింది మరి.

విచారణ రోజు యజమాని లాయరు ఆ రికార్డు వినిపించాడు. "నన్ను పట్టుకుని గుర్తుందా అంటావా!" అని మేస్త్రి గొంతు ఖంగుమంది. లాయరు అక్కడితో ఆపేశాడు.

"విన్నారుగా! ఈ మనిషికి ఇంకా వైద్యమెందుకు?" అన్నాడు.

భార్య తల వాల్చేసింది. మేస్త్రి మాత్రం తన లాయరమ్మ వైపే గుర్రుగా చూశాడు. "నీ పనేగా ఇది?"

ఆమె అతన్ని పట్టించుకోలేదు. "చివరిదాకా వినిపించమనండి," అంది జడ్జితో.

"ఎనభై నాలుగు అంగుళాలు!" అంది ఫోను. కాసేపు నవ్వులు, టీ కప్పుల చప్పుడు. "ఆ తలుపా? డెబ్బై ఎనిమిది!" ఇంకాసేపటికి, ఎవరూ అడక్కుండానే, "ఎనభై ఒకటిన్నర. నా మాటంటే మాటే."

ఆ రోజు సూపర్‌వైజర్‌కు గొంతులో ధీమా వినిపించింది గానీ, అంకెలు చెవికెక్కలేదు.

"మేస్త్రిగారూ, ఒక తలుపుకు ఎన్ని ఎత్తులుంటాయి?" అడిగింది లాయరమ్మ.

"ఒకటే. ఆ మాత్రం తెలీదా?"

"మరి ఇప్పుడు మాట్లాడిందెవరు?"

అతను ఆ ఫోను వంక చూశాడు. కుడిచేయి చెవి మీద ఉండాల్సిన పెన్సిల్ కోసం తడుముకుంది.

"గొంతు నాదే," అన్నాడు మెల్లగా. "కొలత నాది కాదు."

తీర్పు వచ్చేదాకా చికిత్స ఆగకూడదని, ఖర్చు యజమానిదేనని జడ్జి ఉత్తర్వు రాశాడు.

కోర్టు బయట బల్ల మీద కూర్చుని భార్య మాత్రల డబ్బా తీసింది. మేస్త్రి ఇవాళ్టి గడిలోకి తొంగిచూశాడు.

"పొద్దున వేసుకున్నానా?"

"లేదు."

మారు మాట్లాడకుండా మింగేశాడు. తర్వాత గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు.

"నీళ్లలో ఏం కలిపావ్?"