మీరు భోంచేశారు, ధన్యవాదాలు

నిన్న పరవాడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో నన్ను కొట్టలేదంటే అది వాళ్ల మంచితనం అనుకోండి! ఆకలితో ఉన్నవాళ్లని నిలబెట్టి "మీరు తినేశారు" అని చెప్పించిన ఘనుణ్ణి నేను.

మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి ఒక సిస్టమ్ చేస్తోంది. కార్డు గీకితే భోజనం. నా ప్రొబేషన్ ఈ నెలతో అయిపోతోంది. ఇది సజావుగా నడిస్తే కన్ఫర్మేషన్, లేకపోతే మళ్లీ ఉద్యోగాల వేట. వారం నుంచి సరిగ్గా నిద్ర లేదు నాకు.

మా దగ్గర ఏ పనికైనా ముందు యూజర్ స్టోరీ రాయాలి. కథేం కాదు, వాడే మనిషికి ఏం కావాలో రెండు ముక్కల్లో రాసుకోవడం. అడగాల్సినవన్నీ అడిగేశాకే అది "రెడీ", అప్పుడే కోడ్ మొదలు. నేను రాసింది ఇదీ: "ఒక మనిషికి రోజుకి ఒక భోజనం." మా లీడ్ మేరీ మేడమ్ దాన్ని రెండుసార్లు చదివారు.

"షిఫ్టుల వాళ్లతో మాట్లాడావా?"

"మా మావయ్య అక్కడే పనిచేస్తాడు మేడమ్. షిఫ్టుల గురించి నాకు తెలీనిదేముంది?"

"అయితే రెడీయేనా?"

"హండ్రెడ్ పర్సెంట్ రెడీ!"

నా నోరు పడిపోను!

ట్రయల్ మొన్న నైట్ షిఫ్టుతో మొదలైంది. రాత్రి ఒంటిగంటకి అందరూ కార్డులు గీకి తిన్నారు, ఒక్క కంప్లైంట్ లేదు. నిన్న పొద్దున్నుంచీ కుండపోత వాన. బస్సులు లేవు. ఎలాగో తడిసి ముద్దయి ఫ్యాక్టరీకి చేరాను. మేడమ్ దారిలో ఇరుక్కుపోయారు. మధ్యాహ్నం క్యాంటీన్ తెరిచేసరికి లైన్లో మొదటివాడు మా అప్పలరాజు మావయ్యే! వెనకాయనతో, "మా మేనల్లుడు సేసిన మిషను బావా ఇది!" అంటూ దర్జాగా కార్డు గీకాడు.

"మీరు ఈ రోజు భోంచేశారు. ధన్యవాదాలు."

ఆ ధన్యవాదాలు నేనే ముచ్చటపడి పెట్టాను.

"తిన్నానంటాదేటిరా అల్లుడూ?"

"కార్డు తిప్పి గీకు మావయ్యా."

మళ్లీ ధన్యవాదాలు. వెనకాయనకీ ధన్యవాదాలే.

"నువ్వు నైట్ షిఫ్ట్ కదా మావయ్యా, ఇంకా ఇక్కడేం చేస్తున్నావ్?"

"పొద్దున్న షిఫ్టుకి రావాల్సిన రిలీవర్లు వానకి రాలేదురా! ఆళ్లు రాకుండా మిషన్లు ఒగ్గేసి ఎలా ఎల్తాం?"

అప్పుడు వెలిగింది. రాత్రి పన్నెండు దాటాక ఒంటిగంటకి తిన్న అన్నం కూడా ఈ తారీఖులోదే! ఇంకో తమాషా, చిన్నప్పుడు రిలీవర్ రాక మావయ్య ఉండిపోతే అత్త ఇచ్చిన క్యారేజీ మోసుకెళ్లింది ఎవరనుకున్నారు? నేనే!

"ఏటి బావా, మీ అల్లుడు మన సేత ఉపాసం సేయిత్తన్నాడు!" అని వెనకనుంచి కేక. క్యాంటీన్ సూపర్‌వైజర్ చేతులెత్తేశాడు. "మిషను ఒప్పుకోకపోతే గరిటె ఎత్తొద్దన్నారండి."

జేబులో టెస్టింగ్ కోసం మా టీమ్ పేర్లతో చేసిన కార్డులున్నాయి. మేడమ్‌ది మావయ్యకి, నాది వెనకాయనకి, ఇలా పంచేశాను. కార్డులు అయిపోయాయి గానీ లైను తరగలేదు. కన్ఫర్మేషన్ సంగతి దేవుడెరుగు, గేటు దాటి బయటపడతానా అని భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మేడమ్ వచ్చారు, చీర కొంగు పిండుకుంటూ.

"ఆకలి దంచేస్తోంది. నా కార్డు ఇలా ఇవ్వు, ట్రయల్ నేనే చూస్తాను."

మావయ్య వాడి తిరిగిచ్చిన కార్డే ఇచ్చాను. గీకారు.

"మీరు ఈ రోజు భోంచేశారు. ధన్యవాదాలు."

మేడమ్ స్క్రీన్ వంక చూశారు. నా వంక చూశారు. ఇంతలో మావయ్య చెయ్యి కడుక్కుంటూ వచ్చి, "మీ పేరున నానే తిన్నానమ్మా. పులుసు బాగుంది!" అన్నాడు.

నేల చీలితే దూరిపోదామనిపించింది. మేడమ్ ఫ్యాక్టరీ పైవాళ్లకి ఫోన్ చేసి, మెషీన్ ప్లగ్గు పీకించి అందరికీ వడ్డించమన్నారు. మా ఇద్దరి వంతు వచ్చేసరికి గిన్నెలో మజ్జిగే మిగిలింది.

తాగుతూ మెల్లగా అడిగాను. "మేడమ్, నా కన్ఫర్మేషన్..."

మేడమ్ గ్లాసు కింద పెట్టారు.

"నువ్వింకా రెడీ కాలేదు బాబూ."

ఈసారి మిషను బదులు ధన్యవాదాలు నేనే చెప్పాల్సి వచ్చింది.