మంచు పట్టిన చిక్కుడు పాదు

మొన్న మా కింద వాటావాళ్లు చింతపల్లి వైపు మంచు చూడడానికి వెళుతూ నన్నూ రమ్మన్నారు. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకున్నాను గాని, మంచు మాట వినగానే నా మనసు వాళ్లకంటే ముందే ఘాటురోడ్డు ఎక్కి, మేము కొత్తగా కాపురం పెట్టిన క్వార్టర్సు పెరట్లో దిగింది.

మా ఆయనకి అప్పట్లో కాఫీ తోటల ఆఫీసులో ఉద్యోగం. నేను అక్కడి బడిలో పంతులమ్మని, ఆ కొండల్లోనే చర్చి ఆవరణలో పుట్టి పెరిగినదాన్ని. ఆయనది సాలూరు దగ్గర హిందూ రైతుల ఇల్లు. మా పెళ్లి ఆ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు, మా అత్తగారికి అసలే లేదు. అయినా మామగారు పోయాక కొడుకును విడిచి ఉండలేక, ఓ వానాకాలం గుడ్డల మూటతో, కొంగున ముడివేసిన చిక్కుడు గింజలతో జీపు దిగారు. వచ్చారన్నమాటే గాని నా చేతి వంట ముట్టేవారు కారు. వరండాలో వేరే పొయ్యి పెట్టుకుని ఇంత అన్నం వండుకునేవారు. ఇద్దరికీ కోపం రాకూడదని మా ఆయన రెండు చోట్లా తినేవారు. ఆ ఏడాది ఆయన బాగా ఒళ్లు చేశారని తలచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాను.

కార్తీకం దాటేసరికి పెరడు చూడముచ్చటగా తయారైంది. ఒక పక్క నేను వేసిన క్యాబేజీ, బఠాణీ, ముల్లంగి. మరో పక్క వెదురు పందిరి నిండా అల్లుకుని ఊదారంగు పూలు పూసిన ఆవిడ చిక్కుడు పాదు. పొద్దున్నే దాని కింద నిలబడి, నాతో ఆడని మాటలన్నీ ఆ తీగలతో ఆడేవారు.

ఒక వేకువన తలుపు తీస్తే పెరడంతా సున్నం చల్లినట్టుంది. ఎండ తగలకముందే నీళ్లతో మంచు కడిగేయాలని, లేకపోతే ఆకులు ఉడికినట్టు నల్లబడిపోతాయని మా నాన్న చెప్పేవాడు. క్యాబేజీకి ఆ చలి లెక్కలేదు గాని చిక్కుడు తట్టుకోలేదు. గబగబా బావినీళ్లు తోడి పాదు మీద చల్లుతుంటే, పల్లంలో పుట్టి అలాంటి మంచు ఎన్నడూ చూడని మా అత్తగారు గుమ్మంలోంచి కేకేశారు.

“ఏటి సేత్తన్నావే గుంటా! సలికి సచ్చిపోతన్న పాదు మీద నీల్లు పోత్తన్నావా?”

“బావినీళ్లు ఎచ్చగానే ఉన్నాయత్తా! ఎండొచ్చిందంటే పాదు మాడిపోద్ది. బేగి రా, ఆ పక్క నువ్వు సల్లు!”

అన్నాళ్లూ మీరు అంటూ వచ్చినదాన్ని ఆ కంగారులో నువ్వు అనేశాను. ఆవిడ బిందెలో చెయ్యి ముంచి చూసి, దుప్పటి అవతల పారేసి చెంబు అందుకున్నారు. ఎండ పడేసరికి ఇద్దరం తడిసి ముద్దయి వణుకుతున్నాం. చెయ్యి అందని పైతీగలు మధ్యాహ్నానికి నల్లబడిపోయాయి, కిందివి మాత్రం పచ్చగా నిలిచాయి. ఆవిడ ఆ పచ్చని ఆకులు నిమురుతూ, “మీ మావ దాసిన గింజలే ఇయ్యి. ఇంకెక్కడా లేవు” అన్నారు. అప్పటిదాకా నాకు ఆ సంగతే తెలియదు.

కాయలు ముదిరాక తొలికోత తెచ్చి నా ఒళ్లో పోశారు.

“నువ్వే వండు. బేగి వండు, ఆకలేత్తంది.”

కంగారులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆవిడ కంచం ఖాళీ చేసి, మారు వడ్డించమన్నారు. మర్నాటి నుంచి వరండాలో పొయ్యి స్నానాల నీళ్లకు పనికొచ్చింది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మా పిల్లల ఇళ్లలో మతం పేరు చెప్పి ఎవరూ పొయ్యి వేరు పెట్టుకోవడం లేదు, అది నాకు నిజంగా సంతోషమే. కాకపోతే ఇప్పుడు కూర డబ్బాలో గుమ్మం దగ్గరికే వస్తుంది. ఎవరు వండారని ఎవరూ అడగరు, ఎవరి చేతి వంట కోసమూ ఎవరూ ఆకలితో ఎదురుచూడరు.