గోడ మీద గ్రంజ్‌కు చోటు

చిక్కపేటలో మా బట్టల దుకాణం పైన ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో షర్టింగు తానులు పేర్చేవాళ్లం. సరుకంతా కాటన్‌పేట గోదాముకు మారాక ఆ గది మాకు మిగిలింది. మాకు అంటే నాకు, మా తమ్ముడికి, పక్క వీధిలో నట్లూ బోల్టులూ అమ్మే నా చిన్ననాటి స్నేహితుడికి, విజయవాడ నుంచి ఉద్యోగానికి వచ్చి ఈ కన్నడ ఊళ్లోనే ఉండిపోయిన ఒక సాఫ్ట్‌వేరు ఆయనకు. ఆదివారం దుకాణానికి సెలవు. భోజనాలు కాగానే అక్కడ చేరి రాక్ సంగీతం వింటాం. రెండు గిటార్లు, ఒక ఆంప్లిఫయరు, తమ్ముడు తెచ్చిపెట్టిన పెద్ద స్పీకర్లు ఉన్నాయి. తానులు పెట్టిన చెక్క బల్లలే మాకు సోఫాలు.

ఆ గదిలో ఒక గోడ మా హాల్ ఆఫ్ ఫేమ్. అమెరికాలో గొప్ప రాక్ బ్యాండ్లను ఎంపిక చేసి ఒకచోట గౌరవిస్తారు కదా, మనకూ ఒకటి ఉంటే పోలా అని మొదలుపెట్టాం. పెట్టుకున్న నియమాలు రెండే. అందరూ ఒప్పుకుంటేనే ఒక బ్యాండు పటం గోడెక్కుతుంది, ఒక్కరు వద్దన్నా ఎక్కదు. ఎక్కితే ఆయుధపూజ రోజునే ఎక్కాలి. ఆ రోజు కింద దుకాణంలో గజంబద్దకు, కత్తెరలకు, బిల్లులు కొట్టే కంప్యూటరుకు పసుపు కుంకుమలు పెట్టి, గడప ముందు బూడిద గుమ్మడికాయ కొట్టాక, పళ్లెంతో పైకొచ్చి గిటార్లకూ ఆంప్లిఫయరుకూ బొట్లు పెడతాం. బొరుగులూ బెల్లమూ పంచుకుంటాం. అప్పుడు కొత్త పటానికి మేకు కొడతాం. మొదట్లో మా ఆడవాళ్లు నవ్వారు. ఇప్పుడు దసరా దగ్గరపడితే చాలు, ఈసారి ఎవరిని ఎక్కిస్తున్నారని వాళ్లే అడుగుతారు.

వద్దనేవాణ్ని ఎప్పుడూ నేనే. ఆ గదిలో నలుగురిలోకీ గిటారు సరిగ్గా వచ్చింది నాకొక్కడికే. అందువల్ల నా మాటకు ఎక్కువ విలువ ఉండాలని నేనే అనుకున్నాను. ఎవరూ అలా అనలేదు.

తమ్ముడు నాకన్నా నాలుగేళ్లు చిన్న. వాడి ప్రాణమంతా గ్రంజ్. తొంభైల్లో, అమెరికాలో ఎప్పుడూ వానలు పడే ఒక మూల నుంచి వచ్చిన సంగీతం అది. దువ్వని జుట్టు, మాసిన గళ్ల చొక్కాలు, గొణిగినట్టు మొదలై ఉన్నట్టుండి అరుపులోకి దూకే పాటలు. కాలేజీ రోజుల్లో వాడు మా దుకాణంలోని మందపాటి గళ్ల గుడ్డ తీసుకెళ్లి చొక్కాలు కుట్టించుకుని, ఏప్రిల్ ఎండల్లో కూడా అవే వేసుకుని తిరిగేవాడు. చలిజ్వరమేమోనని నాన్న మాత్రలు తెచ్చి ఇచ్చాడు.

ప్రతి దసరాకూ వాడు అదే గ్రంజ్ బ్యాండు పేరు చెప్పేవాడు. నేను ప్రతి దసరాకూ వద్దనేవాణ్ని. నా వాదనలు గట్టివే. వాళ్లు వెలిగింది కొద్ది కాలం, చేసిన రికార్డులు కొన్నే. దశాబ్దాలు వాయించినవాళ్ల పక్కన వాళ్లను ఎలా పెడతాం? తీగలు కలిపి మీటే మూడు కార్డులు తప్ప ఏముంది? ఒక్క మంచి గిటారు సోలో చూపించు అనేవాణ్ని. ఎంతకాలం అంగడి తెరిచి పెట్టారనేది మన వ్యాపారంలో లెక్క, పాటలో కాదు అని వాడు జవాబు చెప్పేవాడు. వాళ్లు వచ్చి వెళ్లాక మిగతావాళ్లెవరూ అంతకు ముందులా వాయించలేకపోయారు, అది చాలదా అనేవాడు. సాఫ్ట్‌వేరు ఆయన వాడి వైపు. హాస్టల్లో తాను మొట్టమొదట నేర్చుకున్న పాట వాళ్లదేనట. ఆ పాట లేకపోతే గిటారు ముట్టుకునే ధైర్యమే వచ్చేది కాదన్నాడు. నట్ల స్నేహితుడు త్వరగా బొరుగులు పంచితే చాలన్న పక్షం.

పోయిన ఏడాది వాదన ముదిరింది. నేను అనకూడని మాట అన్నాను. "నీకు వాయించడం రాదు కాబట్టి, వాయించడం రానివాళ్లు నీకు గొప్పగా కనిపిస్తారు" అన్నాను. అందరి ముందూ, వాడి భార్య ముందూ అన్నాను. వాడు నవ్వేసి చేతిలోని బొరుగులు తిన్నాడు. ఆ తరవాతి ఆదివారం రాలేదు. ఆపైన కూడా రాలేదు. ఒకసారి గోదాములో పని, ఒకసారి అత్తిబెలెలో అత్తగారింటికి వెళ్లాలి. కింద దుకాణంలో మామూలుగానే ఉండేవాడు. అన్నా ఆ తాను దించు, అన్నా వీళ్లకు కాఫీ చెప్పు. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. పైన గదిలో స్పీకర్లు అలాగే ఉన్నాయి. పాటలు పెట్టేవాళ్లం. కాదనడానికి మనిషి లేకపోయేసరికి ముగ్గురం తలలూపుకుంటూ కూర్చుని, కాసేపటికి లేచి ఇళ్లకు పోయేవాళ్లం. వాడు నాకు తమ్ముడు మాత్రమే కాదని, నాతో పోట్లాడగలిగిన ఒకే ఒక్క మనిషని అప్పుడు తెలిసింది. తెలిసినా వెళ్లి అడగలేదు. పెద్దవాణ్ని కదా.

ఈ ఏడాది దసరాకు ముందు పూజ సామాన్ల సంగతి మాట్లాడడానికి వాళ్లింటికి వెళ్లాను. తమ్ముడు లేడు. మరదలు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"బావా, ఒక మాట అడుగుతాను, బేజారు చేసుకోవద్దండి. ఆ పాటలు నిజంగా బాగలేవా, లేకుంటే మీకు రావా?"

రాకపోవడమేమిటి, మూడు కార్డులమ్మా, ఎవరైనా వాయిస్తారు అన్నాను.

"అట్లయితే ఈ ఆయుధపూజకి వాళ్ల పాట ఒకటి మీరే వాయించండి. పూర్తిగా, పాడతా వాయించండి. దాంట్లో ఏమీ లేదని మాకు అర్థమైపోతాది. ఆయన ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకుండా చూసే పూచీ నాది."

సరేనన్నాను. ఇంత సులువుగా గెలవబోతున్నానని సంబరపడ్డాను కూడా.

రోజూ దుకాణం తెరిచే ముందు ఒక గంట పైగదిలో కూర్చున్నాను. కార్డులు మొదటిరోజే వచ్చేశాయి. పాట రాలేదు. ఆ పాటలో చరణం దాదాపు ఖాళీ. ఒక కార్డు మోగుతుంది, ఆగుతుంది. ఆ ఖాళీలో గొంతు రెండు ముక్కలు గొణుగుతుంది. మళ్లీ ఒక కార్డు. ఆ ఖాళీని నేను ఖాళీగా ఉంచలేకపోయాను. వేళ్లు తమంతట తామే పోయి ఏవో చిన్న చిన్న స్వరాలు కూరేవి. బట్టల దుకాణం మనిషికి ఒక అలవాటు ఉంటుంది. కొనడానికి వచ్చినవాళ్లు ఒక్క క్షణం మాట్లాడకపోతే ఇంకో తాను విప్పి పరిచేస్తాం. వాళ్లు ఆలోచించుకుంటున్నారేమో అనుకోం, నచ్చలేదనుకుంటాం. నా గిటారూ అదే పని చేస్తోంది. ఇంతకాలం నేను పనితనం అనుకున్నది చాలావరకు ఆ భయమేనని ఒక ఉదయం అర్థమైంది. షట్టరు తెరిచే వేళయినా లేవలేకపోయాను.

ఇంకొకటి కూడా అర్థమైంది. మా కాలేజీలో ఆఖరి సంవత్సరం బ్యాండ్ల పోటీ జరిగింది. మా బ్యాండు వాయించింది. నా సోలో చాలా పొడుగు, ఒక్క తప్పు లేదు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. మా తరవాత గళ్ల చొక్కాల కుర్రాళ్లు ఎక్కారు. గిటారు శ్రుతిలో లేదు, డ్రమ్ములవాడు పరుగెడుతున్నాడు. మైదానం మొత్తం గెంతింది. ఆ గుంపు మధ్యలో మా తమ్ముడు, చొక్కా విప్పి తలమీద తిప్పుతూ, కళ్లు మూసుకుని గెంతుతున్నాడు. నేను వాయించినప్పుడు వాడు ముందు వరసలో బుద్ధిగా కూర్చున్నాడు. ఇన్నేళ్లూ నేను గోడెక్కనివ్వనిది ఆ బ్యాండును కాదు. ఆ గెంతును.

ఆయుధపూజ రోజు కింద పూజలు ముగించి అందరం పైకెక్కాం. భార్య బలవంతం మీద తమ్ముడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, ఎప్పుడైనా దిగిపోవచ్చన్నట్టు. మరదలు గిటారుకు బొట్టు పెట్టి నా చేతికిచ్చింది. మొదటి కార్డు కొట్టి ఆగాను. వేళ్లు దేనికోసమో వెతికాయి, బిగబట్టాను. కింద వీధిలో తోపుడుబండి వెళ్తున్న చప్పుడు ఆ ఖాళీలో వినిపించింది. గొణిగాను. మళ్లీ కార్డు, మళ్లీ ఖాళీ. తరవాత అరవాల్సిన చోటు వచ్చింది. నేను జీవితంలో పాడలేదు, ఇక అరవడమా? అరిచాను. గొంతు మధ్యలో చీలింది. ఆపలేదు. నట్ల స్నేహితుడు చెక్కబల్లను డ్రమ్ము చేశాడు. సాఫ్ట్‌వేరు ఆయన తలాడించిన ఊపుకు కళ్లద్దాలు ఎగిరి బొరుగుల పళ్లెంలో పడ్డాయి. కింద పూలమ్మే ఆమె తలెత్తి, పైన గలాటా ఏమిటి, ఎవరినైనా పిలవమంటారా అని కన్నడంలో కేకేసింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే అరిచాను. ఎంత కష్టమైన సోలో వాయించినా రాని సంతోషం, తప్పుల మీద తప్పులు చేస్తుంటే వచ్చింది. తలుపు వైపు చూశాను. యాభైకి దగ్గరపడిన మా తమ్ముడు పంచె ఎగగట్టి గెంతుతున్నాడు.

పాట అయ్యాక అందరం రొప్పుతూ కూర్చున్నాం.

"పోయినేడు నేనన్న మాట తప్పప్పా" అన్నాను వాడితో. "వాళ్లకి వాయించేది రాకపోలేదు. నాకు వినేది రాలేదు. మన్నించు."

వాడు ఎగగట్టిన పంచె దించుకున్నాడు.

"ఇంత కంఠం ఉండాదని తెలిసుంటే నిన్ను అప్పుడే దుకాణంలో కూర్చోనిచ్చేవాణ్ని కాదు, మెజెస్టిక్ బస్టాండులో నిలబెట్టుంటా" అన్నాడు. "బస్సులకి జనాల్ని పిలిచేకి."

అందరూ నవ్వారు. ఏడాది తరవాత వాడు నన్ను ఏడిపించిన మొదటి మాట అది.

ఒప్పుకుంటున్నాను, పటం తెమ్మన్నాను. వాడు తల గోక్కున్నాడు. నేను ఒప్పుకుంటానని కలలో కూడా అనుకోలేదు కాబట్టి పటమే తేలేదన్నాడు. అప్పుడు మరదలు సంచిలోంచి కాగితం చుట్టిన ఒక పటం తీసింది. వాళ్ల పుట్టింటి వైపు, అత్తిబెలెలో ఒక అంగడిలో కట్టించిందట. విప్పాం. బంగారు రంగు చట్రం, పైన చిన్న ఎర్ర బల్బు, బ్యాండు మొత్తానికీ కలిపి ఒక పెద్ద గంధపు పేళ్ల దండ.

ఆ అంగడివాడు కట్టేవి రెండే రకాలు, దేవుళ్లు, పోయిన పెద్దలు. జుట్టు విరబోసుకుని, ఒక్కరూ నవ్వకుండా నేల చూస్తున్న కుర్రాళ్లను చూసి వీళ్లు దేవుళ్లు కాదని, అందరూ ఒకేసారి పోయారని తేల్చుకున్నాడు.

"హైవేలోనా అమ్మా అని అడిగినాడు" అంది మరదలు. "ఫోటో ఎక్కడ తీసిందో అడుగుతాండాడేమో అనుకుని, ఊ అంటిని. పాపం, కండ్లు తుడుచుకున్నాడు."

నవ్వి నవ్వి నట్ల స్నేహితుడికి పొలమారింది. ఇప్పుడు అసలు సమస్య వచ్చింది. ఆ బ్యాండులో పాడేవాడు చిన్న వయసులోనే పోయిన మాట నిజం. మిగతావాళ్లు నిక్షేపంగా ఉన్నారు. బతికున్నవాళ్ల పటానికి పండగపూట దండ వేస్తే అశుభమని మరదలు పట్టుబట్టింది. తీసేస్తే పోయినవాడికి మర్యాద కాదని తమ్ముడు. చాలాసేపు వాదించుకుని, చివరికి నట్ల స్నేహితుడు కింది నుంచి కటింగ్ ప్లేయరు తెచ్చి దండను కత్తిరించాడు. పోయినవాడి తల మీదికి మాత్రమే వచ్చేలా ఒక మూలకు కట్టాడు. పటానికి మేకు నేనే కొట్టాను. కొంచెం వంకరగా పడింది. గ్రంజ్‌కు అలా ఉంటేనే బాగుంటుందని సాఫ్ట్‌వేరు ఆయన సరిచేయనివ్వలేదు.

ఆ బ్యాండుకు మా గోడ అవసరం లేదు. చిక్కపేటలో తమకు కుంకుమ బొట్టు పెట్టారని వాళ్లకు ఎప్పటికీ తెలియదు. వాళ్లు గొప్పవాళ్లా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు అవునంటాను. కానీ ఇన్నేళ్లూ నేను తీర్పు చెబుతున్నానని అనుకుంటూ, ఒక మనిషి సంతోషాన్ని గుమ్మం బయట నిలబెట్టాను. ఆ తప్పుకు పటం కట్టే అంగడి ఎక్కడా లేదు.

తరవాతి ఆదివారం నేను మెట్లెక్కుతుండగానే స్పీకర్లు మోగుతున్నాయి. తమ్ముడు ముందే వచ్చి, చెక్కబల్ల మీద కాళ్లు జాపుకుని కూర్చున్నాడు. వచ్చే దసరాకు ఎవరిని ఎక్కించాలో ఇప్పుడే తేల్చుకోవాలన్నాడు. ఆ బ్యాండుకన్నా ఘోరంగా వాయించే ఇంకో బ్యాండు పేరు చెప్పాడు. వద్దు అనబోయాను. నోటిదాకా వచ్చింది. చెప్పులు విడిచి వాడి పక్కన కూర్చుని, ఏదీ, వినిపించు అన్నాను.