కొక్కేనికి పెట్టిన బొట్టు

నిన్న పిన్ని ఫోన్ చేసి, విశ్వకర్మ పూజకి సింధూరం డబ్బా పెద్దది తెమ్మంది. "పోయినేడు చాల్లేదే" అంటూ నవ్వింది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పని చేయబుద్ధి కాలేదు.

ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో గని యంత్రాల భాగాలు బాగుచేసే ఓ చిన్న వర్క్‌షాపులో బాబాయి వెల్డరు, నేను స్టోరు చూసేదాన్ని. శ్రీకాకుళం వదిలి ముప్పయ్యేళ్లయినా ఆయన యాస తగ్గలేదు. హిందీ కూడా అదే యాసలో మాట్లాడేవాడు. ఉక్కు సామాను కాల్చి గట్టిపరిచే ఫర్నేసు ఒకటుండేది మాకు. సామాను బుట్టని పట్టి లేపే కొక్కెం మాత్రం నికెల్ మిశ్రమంతో చెయ్యాలి. మామూలు ఉక్కయితే ఆ ఎర్రటి వేడికి పెచ్చులూడి సాగిపోతుంది. ఇది గంటల తరబడి కాలినా చెక్కుచెదరదు. అయితే దానికి పట్టింపులెక్కువ. జిడ్డు, రంగు, సుద్దగీత, ఏది అంటుకుని ఉన్నా వేడెక్కగానే లోపలికి పాకి చీల్చేస్తుంది. "ఇది కొత్తల్లుడమ్మా. ఏటి పడకపోయినా పైకి సెప్పడు, లోపలెట్టుకుంతాడు" అనేవాడు బాబాయి, చేతులకి తొడుగులేసుకుని అసిటోన్ గుడ్డతో తుడిచిందే తుడుస్తూ.

కొన్నేళ్ల కిందట పూజ ముందురోజుకి కొత్త కొక్కెం తయారైంది. పూజనాడు ఒక్కరోజే పనివాళ్ల ఇంటి ఆడవాళ్లని షాపులోకి రానిస్తారు. పిన్ని పట్టుచీర కట్టుకుని, నూనెలో కలిపిన నారింజరంగు సింధూరం పళ్లెంతో వచ్చి లేతు మిషనుకీ, డ్రిల్లుకీ, ఆఖరికి నా బీరువాకీ బొట్లు పెట్టింది. మొగుడు చేసిన వస్తువని కొక్కేనికి మరీ పెద్దది, సరిగ్గా అతుకు మీద పెట్టింది. బాబాయి గుడ్డ తీశాడు.

"అందులో సీసం ఉంతాదే. ఇది ఓర్చుకోదు."

"పూజ బొట్టు తుడుస్తారేటండీ? నా బొట్టు సల్లగుండక్కర్లేదా మీకు?" పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, తుడవనని ఒట్టు వేయించుకుంది.

ఆయన నావైపు చూశాడు. అంతా తెలిసినదానిలా, "చిన్న చుక్కే కదా బాబాయ్, ఉండనీ" అన్నాను నేను. గుడ్డ జేబులోకి పోయింది.

మర్నాడు ఫర్నేసు వెలిగింది. బుట్ట లేపేటప్పుడల్లా బాబాయి అందర్నీ దూరంగా పొమ్మని, అది ఊగకుండా తనే రాడ్డుతో పట్టుకునేవాడు. సరదా మాటలు మానేశాడు. సాయంత్రం కొక్కెం చల్లారాక అతుకు దగ్గర వేలితో తడుముతూ కూర్చునేవాడు. ఏమైనా కనిపించిందా అని అడిగితే, "పైకి కనబడదమ్మా" అనేవాడు. నాకు భయమేసేది. అయినా పిన్నితో చెప్పడానికి నోరు రాలేదు. ఐదోరోజు పొద్దున్న టప్‌మని ఓ చప్పుడు, అంతే. ఎర్రగా కాలిన బుట్ట ఒరిగి పడింది. బాబాయి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి.

విరిగిన కొక్కెం నేనే తీసి చూశాను. పగులు బొట్టు పెట్టినచోటే మొదలైంది. ఆస్పత్రిలో ఆ మాట చెప్పబోతే బాబాయి ఆపాడు. "మీ పిన్నికి సెప్పకు. సరుకు మంచిది కాదని సెప్పు. తెలిస్తే అది తట్టుకోనేదు." అలాగే చెప్పాను. బొట్టు పెట్టబట్టే ప్రాణం దక్కిందని పిన్ని నమ్మకం. ఏటేటా పూజకొచ్చి పెట్టే ఆ బొట్టు పెద్దదవుతోంది.

బాబాయి చోట ఇప్పుడు కోంటా నుంచి వచ్చిన ఇంకో వెల్డరున్నాడు. పూజ మర్నాడు అతను రాకముందే నేను షాపు తెరిచి, కొక్కెం మీది బొట్టు ఆనవాలు లేకుండా తుడిచేస్తాను. ఎన్నేళ్లు తుడిచినా, తుడవాల్సిన ఆ ఒక్కరోజు మాత్రం తిరిగి రాదు.